చెప్పకుండా వెళ్ళిన రోజు

కొత్తగా ప్రొబేషన్ శాఖలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, నా మోకాళ్ల నొప్పుల సంగతి మర్యాదకు విని, చివరికి అసలు మాట అడుగుతారు: "మేడం, మీ సర్వీసులో మీరు గెలిచిన కేసు ఒకటి చెప్పండి." ఈ ఉద్యోగంలో గెలుపులుండవని నాతోపాటు రిటైరైనవాళ్లు చాలామంది అంటారు. నేను అనను. నేను గెలిచాను. ఒక్కసారే గెలిచాను గానీ నిండుగా గెలిచాను. దాని గురించి కాస్త గొప్పలు పోతాను, ఓపిక పట్టండి.

మన పని తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మొదటిసారి నేరం చేసినవాడిని జైలుకు పంపకుండా, కోర్టు ఒక్కోసారి బాండు రాయించుకుని, షరతులు పెట్టి ఇంటికి పంపుతుంది. వాడు ఆ షరతుల ప్రకారం బతుకుతున్నాడా లేదా అని చూసుకునేది ప్రొబేషన్ అధికారి. నా ఆఫీసు సంగారెడ్డిలో. నారాయణఖేడ్ కోర్టు కేసులు కూడా నేనే చూసేదాన్ని. అక్కడి జనం నన్ను 'బాండు మేడం' అనేవారు. మొదట్లో ఒళ్లు మండేది. రేషన్ మేడం, కరెంటు సార్ ఉన్న ఊళ్లో బాండు మేడం ఉంటే తప్పేముందని తర్వాత సర్దుకున్నాను.

నారాయణఖేడ్‌లో ఒక ట్యూషన్ సార్ ఉండేవాడు. దసరా పోగానే కంగ్టి, సిర్గాపూర్ వైపు ఊళ్ల నుంచి ఆలుమగలు చెరకు కొట్టడానికి లారీలెక్కి పోతారు. మళ్లీ వచ్చేది ఎండలు ముదిరాకే. బడికి పోయే పిల్లల్ని అన్ని నెలలు ఎక్కడ వదలాలి? ఇంట్లో ముసలివాళ్లుంటే సరే. లేనివాళ్లు ఈ సార్ దగ్గర వదిలేవారు. రేకుల షెడ్డులో పడక, రెండు పూటలా తిండి, పొద్దునా సాయంత్రం చదువు. ఉన్న మాట చెప్పాలి, చదువు బాగానే చెప్పేవాడు. ఆయన దగ్గరున్న పిల్లలు ఇరవై ఎక్కాలూ గడగడా అప్పజెప్పేవారు. అయితే అది బెత్తానికి భయపడి వచ్చిన చదువు.

తొమ్మిదేళ్ల పిల్ల ఒకతి పదమూడో ఎక్కంలో ఏడు దగ్గర ఆగిపోయింది. సార్ చాచి కొట్టాడు. దెబ్బ చెవి మీద పడింది. రక్తం కారితే వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోసి పడుకోబెట్టారు. దవాఖానకు తీసుకుపోలేదు, తల్లికి కబురు పెట్టలేదు. తల్లి చెరకు పని ముగించుకుని వచ్చేసరికి చెవి నిండా చీము. కర్ణభేరి చిరిగిపోయిందన్నారు డాక్టర్లు. ఆ చెవి మళ్లీ వినలేదు.

కేసు నడిచింది, నేరం రుజువైంది. కానీ ఆయనకది మొదటి నేరం. పైగా పిల్లల్ని ఆయన దగ్గర వదిలిన తల్లిదండ్రులే కొందరు వచ్చి, సార్ మంచోడని చెప్పారు. కోర్టు మూడేళ్ల ప్రొబేషన్ ఇచ్చింది. నెల నెలా మొదటి సోమవారం వచ్చి నా ఎదుట సంతకం పెట్టాలి. ఇల్లు మారినా, పని మారినా నాకూ పోలీసులకూ చెప్పి నమోదు చేయించుకోవాలి. ఆ మూడేళ్లూ ఎవరి పిల్లల్నీ తన దగ్గర ఉంచుకోకూడదు, చదువు చెప్పకూడదు.

"ఇట్లాంటోళ్ల పేర్లన్నీ సర్కారు ఒక్కతాన రాసి పెట్టదా మేడం?" అని నన్ను ఎంతమంది అడిగారో. ఆడపిల్లల మీద, పసిపిల్లల మీద లైంగిక నేరాలు చేసినవాళ్లకైతే అలాంటి పట్టిక ఉంది. పిల్లను కొట్టి చెవి పోగొట్టినవాడికి లేదు. వాడికున్న నమోదల్లా ఆ బాండు, ఆ బాండు వెనక నేను.

తీర్పు రోజు కోర్టు వరండాలో ఆ పిల్ల తల్లి నన్ను ఆపింది. బక్కపలచని మనిషి, చేతులు మాత్రం గట్టివి, కొడవలి పట్టి పట్టి కాయలు కాసినవి.

"జైల్లేదా మేడం?"

లేదని, బాండు ఉందని, దాని షరతులు ఇవీ అని విడమరిచి చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"అంటే ఆయన ఇంకో పిల్ల మీద చెయ్యేస్తడా లేదా, నువ్వు జూస్కుంటవన్నట్టు. గంతే గదా?"

"అంతే అక్కా. నేను చూసుకుంటా."

మాటిచ్చేశాను. చట్టం నా చేతిలో పెట్టిన దానికంటే పెద్ద మాట అది. అయినా వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

సార్ మాత్రం బంగారం. మొదటి సోమవారం నాకంటే ముందే వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను, రెండు చేతులా నమస్కారం. తహసీలు ఆఫీసు ముందు దరఖాస్తులు రాస్తున్నానని చెప్పి నమోదు చేయించుకున్నాడు. కొన్నాళ్లకు కంగ్టి రోడ్డు మీద ఒక ఊరికి ఇల్లు మారాడు. అదీ ముందే చెప్పాడు, కొత్త చిరునామా రాసిచ్చాడు. ఒక్క సంతకం తప్పలేదు. మా ఆఫీసులో ఆయన్ని చూపించి మిగతా బాండువాళ్లకు బుద్ధి చెప్పేవాళ్లు.

సంతకంతో పని అయిపోదు. ఇంటికి వెళ్లి చూడాలి. నాకు తోడుగా ఒక హెడ్ కానిస్టేబుల్ వచ్చేవాడు. ఆయన్ని అందరూ హెడ్ సాబ్ అనేవారు. పెద్ద మీసం, ఇంకా పెద్ద మనసు. లంచం ఎరగడు, అబద్ధం ఎరగడు. ఆయనకు ఒకటే పట్టింపు. ఒకరింటికి పోతే చాయ్ తాగకుండా రాకూడదు. ఆ ఇంట్లో పాలు లేక వాళ్లు నామోషీ పడకూడదు. అందుకని బస్సెక్కగానే ఫోన్ చేసేవాడు: "మేడం వస్తున్నది, చాయ్ పెట్టుండ్రి." అక్కడి మర్యాద అది. చెప్పకుండా పోయి గుమ్మంలో నిలబడటం ఇంటి ఆడవాళ్లను పరేషాన్ చేయటమేనని ఆయన లెక్క.

మేం పోయేసరికి సార్ ఇల్లు అద్దంలా ఉండేది. చాప పరిచి ఉండేది. పొగలు కక్కే చాయ్, పళ్లెంలో మిరపకాయ బజ్జీలు. సార్, ఆయన భార్య, ఇద్దరే. ఇంటి వెనక రేకుల షెడ్డు ఖాళీగా ఉండేది. పత్తి నిల్వ పెట్టుకోవడానికన్నాడు. అలా ఏడాది గడిచింది.

రెండో ఏడు దసరా పోయాక, నేను కోర్టు పని మీద నారాయణఖేడ్ వచ్చినప్పుడు, ఆ తల్లి మళ్లీ వరండాలో కనబడింది. పిల్ల చెవి పోయాక ఆమె చెరకుకు పోవడం మానేసి, కూలి పని చేసుకుంటూ ఊళ్లోనే ఉంటోంది. పలకరింపులూ గిలకరింపులూ ఏమీ లేవు.

"మేడం, ఆయనింట్ల పిల్లలున్నరు."

"ఎవరు చెప్పారు?"

"ఎవ్వలు జెప్పాలె? మా దిక్కు నుంచి లారీలు వొయ్యినయి. తల్లిదండ్రులు ఎక్కిన్రు, పిల్లలు ఎక్కలే. ఇంటికాడ ముసలోళ్లు లేరు. మరి గా పిల్లలు యాడున్నట్టు?"

పక్కనే ఉన్న హెడ్ సాబ్ వైపు చూశాను. ఆయనకు రోషం వచ్చింది. "ఎన్నిమాట్ల వొయ్యినం మేడం! ఒక్క పిల్ల గూడ కండ్లవడలే. సార్ గట్లాంటోడు కాదు." ఆమె ఆయనతో వాదించలేదు. నా వైపే చూసింది. 'చూసుకుంటా' అన్నది నేను కదా.

సరే పదండి అని నేనూ హెడ్ సాబూ అప్పుడే బస్సెక్కాం. సీట్లో కూర్చున్నామో లేదో హెడ్ సాబ్ ఫోన్ తీశాడు.

"ఆఁ సారూ, బస్సెక్కినం. ఇగ అర్ధగంట. మేడంకు షక్కర తక్కువెయ్యమను."

ఎన్నోసార్లు నా పక్కనే కూర్చుని అన్న మాటే. ఆ రోజు మాత్రం నెత్తిన మొట్టికాయ పడ్డట్టు వినబడింది. ఏడాది పొడుగునా మేము తనిఖీకి పోలేదు, చుట్టపుచూపుకు పోయాం. నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నవ్వు మింగాను, కోపం దాచుకున్నాను.

"సాబ్, దొంగల్ని పట్టుకోవడానికి పోయేటప్పుడు కూడా ఇట్లాగే ఫోన్ చేస్తారా?"

"దొంగలకెందుకు జేస్త మేడం! ఈయన సార్ గదా" అన్నాడు ఆయన, పసిపిల్లాడంత నిజాయితీగా.

ఆ రోజూ చాప, చాయ్, బజ్జీలు. నేను కావాలనే పెరట్లో కూర్చుంటానన్నాను. షెడ్డు వెనక నుంచి కంది చేను. మంచి వానలు పడ్డ ఏడు, మనిషెత్తు పెరిగి పసుపు పూలతో ఉంది. గాలి లేదు. చెట్టు ఆకు కదలడం లేదు. కానీ చేను నడిమధ్యన ఒక్కచోట కొనలు కదిలాయి, ఆగాయి, మళ్లీ కదిలాయి.

"ఏంటది?"

"అడివి పందులు మేడం" అన్నాడు సార్ కప్పు అందిస్తూ. "పంటంత ఖరాబ్ జేస్తున్నయి."

"అయ్యో పాపం" అన్నాను. షక్కర సరిపోయిందని కూడా అన్నాను. నా జీవితంలో అంత బాగా నటించిన రోజు ఇంకొకటి లేదు.

తిరిగొచ్చి ఆ తల్లికి చెప్పాను. రేపే పోయి పట్టుకుందాం అన్నాను. ఆమె కొంగు సర్దుకుని నిలబడి ఆలోచించింది.

"పట్టుకుంటవు. పట్టుకున్నంక పిల్లల్ని యాడ వెడ్తవు? ఆళ్ల తల్లులకు ఫోన్ జేస్తే వచ్చి తీస్కవోతరు. యాడికి? చెరుకు కాడికే. ఇగ బడి బందే. గాళ్లు ఆయన దిక్కు ఊకె మాట్లాడ్తలేరు మేడం. ఆయన గాకపోతే ఇంకెవ్వలు వెట్టుకుంటరు మా పిల్లల్ని?"

ఆ ముక్క మన చట్టంలో ఎక్కడా లేదు. ఆ తల్లిదండ్రులు ఆయన్ని మంచోడన్నది ఆయన మంచితనం చూసి కాదు, ఇంకో దారి లేక.

అందుకని ముందు వేరే యుద్ధం చేశాను. వలసపోయిన వాళ్ల పిల్లల కోసం ఆ కొన్ని నెలలూ బడిలోనే హాస్టల్ పెట్టే వీలు సర్కారులో ఉంది. విద్యాశాఖలో ఒక అధికారి దగ్గరికి పోయాను. "వచ్చే సంవత్సరం ప్రతిపాదనల్లో పెడదాం మేడం" అన్నాడు. "వచ్చే సంవత్సరం దాకా పిల్లల్ని కంది చేనులో కూర్చోబెట్టమంటారా?" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. కూర్చుని, చేను సంగతి మొత్తం చెప్పాను. ఆయన ఫోన్లు చేయడం మొదలుపెట్టేదాకా కుర్చీలోంచి లేవలేదు. చివరికి నారాయణఖేడ్‌లో ఒక బడిలో రెండు గదులు, బియ్యం, పప్పు వచ్చాయి. వండే మనిషి లేదన్నారు. ఆ తల్లి నా వెనకే ఉంది. "నేను లేనా?" అంది.

ఇక మిగిలింది హెడ్ సాబ్. ఫోన్ చేయొద్దని చెబితే ముఖం వేలాడేశాడు. "చాయ్ లేకుంట ఒకరింటికి ఎట్ల వోతం మేడం? మంచిగుండది." అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. "ఈసారి చాయ్ మనమే తీసుకుపోదాం సాబ్" అన్నాను. బస్టాండు హోటల్లో పెద్ద ఫ్లాస్కు నిండా పోయించాను. దాన్ని చంకలో పెట్టుకున్నాక గానీ ఆయన మనసు కుదుటపడలేదు.

జీపులో వెళ్లాం. నేను, హెడ్ సాబ్, పిల్లల సంరక్షణ చూసే ఆఫీసు నుంచి ఇద్దరు, ఆ తల్లి. ఆమె పక్కన ఆ పిల్ల. ఆ పిల్లనెందుకు తెచ్చావన్నాను. "అదే వస్తనన్నది" అంది తల్లి. అప్పటికి ఎదిగింది పిల్ల. రెండు జడలు, వినబడే చెవిని మన వైపు తిప్పి మాట్లాడే అలవాటు.

జీపు ఊరి బయటే ఆపి నడిచాం. గోడ అవతల నుంచి ఎక్కాలు వినబడుతున్నాయి. ఒకే గొంతులాగా పదిహేను ఇరవై గొంతులు. తలుపు తోసి లోపలికి వెళ్లాను. షెడ్డు ముందు వరసగా పిల్లలు. సార్ కుర్చీలో, బెత్తం ఒళ్లో. నన్ను చూసి లేచాడు. అన్న మాట ఇది:

"మేడం... చెప్పకుంట వచ్చిన్రు..."

"అవును సార్" అన్నాను. "చాయ్ కూడా మేమే తెచ్చుకున్నాం."

హెడ్ సాబ్ ఫ్లాస్కు ఎత్తి చూపించాడు. నవ్వొచ్చేదే గానీ, అప్పుడే ఒకటి జరిగింది. పిల్లలు లేచారు. ఎవరూ కేక వేయలేదు, ఎవరూ పొమ్మనలేదు. అందరూ ఒక్కసారిగా లేచి, చప్పుడు లేకుండా, వరసగా కంది చేనులోకి పరిగెత్తి మాయమైపోయారు. చెప్పులు కూడా చేతుల్లో పట్టుకుని పోయారు. అంత బాగా నేర్పాడు. హెడ్ సాబ్ ఫ్లాస్కు కిందికి దించాడు. "అడివి పందులన్నవు గద సారూ" అన్నాడు చిన్న గొంతుతో. ఆయన అంత చిన్నగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

పిలిచాం. బతిమాలాం. మేం కొట్టం రండి అన్నాం. చేను కదల్లేదు. పెద్దవాళ్లం ఎంత మెత్తగా పిలిస్తే అంత ముడుచుకున్నారు.

అప్పుడు ఆ పిల్ల ముందుకు పోయింది. చేను గట్టు మీద నిలబడింది. సార్ ఆమెకు పది అడుగుల దూరంలోనే ఉన్నాడు.

"నేను గూడ ఈ సార్ దగ్గర సదువుకున్న పిల్లనే" అని అరిచింది. "గిప్పుడు ఎక్కం చెప్త, ఇనుండ్రి." మొదలుపెట్టింది. పదమూడొకట్ల పదమూడు. పదమూడు రెళ్లు ఇరవై ఆరు. ఎక్కడా ఆపలేదు. ఆరు దాటింది. ఏడు దగ్గరికి వచ్చింది. తల్లి నా చెయ్యి పట్టుకుంది.

"పదమూడేడ్ల... పదమూడేడ్ల ఎనభై తొమ్మిది!"

ఎవరి చెయ్యీ లేవలేదు. కంది చేను లోపల్నుంచి ఒక సన్నని గొంతు, ఉండబట్టలేక:

"తొంభై ఒకటి!"

ఇంకో మూల నుంచి ఇంకో గొంతు, ఇంకొంచెం ధైర్యంగా, "తొంభై ఒకటక్కా!" ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. "మరి మీరే వచ్చి చెప్పుండ్రి" అంది. పసుపు పూలు నెత్తిన రాలించుకుంటూ ఒక్కొక్కరే బయటికి వచ్చారు. హెడ్ సాబ్ ఫ్లాస్కు మూత తీసి, మూతతోనే పిల్లలకు చాయ్ పోశాడు, వరసగా, చివరి పిల్ల దాకా. మాకు చుక్క మిగల్లేదు. నేను ఏడ్చాను. దాచుకోవాల్సినంత సిగ్గేమీ అనిపించలేదు.

తర్వాత జీపులో ఆ పిల్లను అడిగాను, కావాలనే తప్పు చెప్పావా అని.

"లేదు మేడం. నిజంగనే మర్శిన. గా సార్‌ను జూస్తే గా ఒక్కటి యాదికి రాదు." జడ వెనక్కి వేసుకుని అంది, "రాకున్నా చెప్పిన."

నా నివేదిక కోర్టుకు పోయింది. ఆయన వకీలు నెల నెలా సంతకాల గురించి గొప్పగా వాదించాడు. ఒక్క సోమవారం తప్పలేదు, చిరునామా దాచలేదు, పిలిస్తే రాని రోజు లేదు అన్నాడు. అన్నీ నిజాలే. జడ్జి అంతా విని, సంతకం సరే, అసలు షరతు సంతకం గురించి కాదు, పిల్లల గురించి అన్నారు. ప్రొబేషన్ రద్దైంది. అసలు నేరానికి శిక్ష పడింది.

అదే వరండా. తల్లి అక్కడే ఉంది.

"ఇప్పుడు జైలేనా మేడం?"

"జైలే అక్కా."

తల ఊపింది. ఏదైనా అంటుందనుకున్నాను. ఏడుస్తుందేమో, నన్ను కావలించుకుంటుందేమో అని కొంచెం సిద్ధపడ్డాను కూడా.

"సరే మరి. పొయ్యి మీద పప్పున్నది, నేను వోతున్న" అని జల్దీ జల్దీ మెట్లు దిగిపోయింది.

అప్పటికే చెరకు తోటల్లోంచి తల్లిదండ్రుల ఫోన్లు మొదలై, సద్దుమణిగాయి కూడా. మా పిల్లల్ని ఎవర్నడిగి తీస్కపోయిన్రని మొదట తిట్టారు. "బడికి తీస్కవొయ్యిన్రు. వండేటిది నేను" అని ఆమె చెప్పాక తిట్లు ఆగి, కూరలో కారం తక్కువ వెయ్యమనే పురమాయింపులు మొదలయ్యాయి.

కాబట్టి పిల్లలూ, మీకు చెప్పేదొకటే. సంతకం చూసి మురిసిపోకండి. చెప్పకుండా వెళ్లండి. మర్యాద తక్కువవుతుందనిపిస్తే ఫ్లాస్కు పట్టుకుపోండి. హెడ్ సాబ్ కూడా ఇప్పుడు కొత్తవాళ్లకు అదే చెబుతున్నాడట, ఉపాయం తనదే అన్నట్టు. చెప్పుకోనివ్వండి. ఆయన మోసిన ఫ్లాస్కే కదా.

రిటైరయ్యే ముందు ఒక రోజు నేను ఆ హాస్టల్‌కు పోయాను, ఎవరికీ చెప్పకుండానే. మధ్యాహ్నం బువ్వ వేళ. వరండాలో పిల్లలు వరసగా కూర్చుని తింటున్నారు. గేటు చప్పుడుకు అందరూ తలెత్తి నన్ను చూశారు. వీళ్లూ లేచి పరిగెడతారేమో అనుకున్నాను. ఒక్కరూ లేవలేదు. మళ్లీ తల వంచుకుని పప్పన్నం కలుపుకున్నారు. "పెద్దవాళ్లొస్తే లేచి నిలబడరా?" అని పంతులమ్మ కసిరింది. "వద్దమ్మా, కూర్చోనీ" అన్నాను. నా సర్వీసంతటిలో నాకు దక్కిన పెద్ద నమస్కారం, ఆ పిల్లలు లేచి నిలబడకపోవడమే.

వంటింట్లోంచి ఆ తల్లి గరిటె పట్టుకుని బయటికి వచ్చింది. నన్ను చూసి నిలువెల్లా కోపం తెచ్చుకుంది.

"చెప్పి రావొద్దా మేడం! చాయ్ వెడ్దామంటే పాలు గూడ లేవు!"